మా ఇంటిల్లిపాదికీ సరిపోయిన దీవి

ఈ ఏడు సెలవులకు ఏదైనా దీవికి వెళ్దామని మీ ఇంట్లోనూ మాట వచ్చిందా? రాకపోతే రేపో మాపో వస్తుంది లెండి. ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా పక్కన కూర్చున్నావిడ సెల్‌ఫోన్ తీసి మాల్దీవుల ఫోటోలు చూపిస్తుంది. నీలం నీళ్ళు, తెల్లటి ఇసక, నీళ్ళ మీద కట్టిన కుటీరం, అందులో ఊయల. చూసినంతసేపూ బాగానే ఉంటుంది. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంటుంది. మనం మాత్రం తిరుపతి, అన్నవరం, శ్రీశైలం తప్ప ఏం చూశాం అని.

అయితే ఒక్క సంగతి ఆలోచించారా? కూరగాయల బండి దగ్గర వంకాయను కూడా తిప్పి చూసి, పుచ్చుందేమోనని ముచ్చిక దగ్గర పరీక్షించి గానీ తీసుకోని వాళ్ళం మనం. అలాంటిది లక్షల్లో అయ్యే ప్రయాణాన్ని నాలుగు ఫోటోలు చూసి ఖాయం చేసేస్తామా? అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళకి ఈ రోజుల్లో కొదవ లేదు. అందుకే మా ఇంట్లో దీవిని ఎలా ఎంచుకున్నామో మీతో చెబుదామనిపించింది. ఇలాంటి ప్రయాణం మీకూ తటస్థపడితే ఉపయోగపడుతుంది కదా!

మేముండేది విజయవాడలో. మావారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. మా అత్తయ్య మాతోనే ఉంటుంది. ఆవిడకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. నేను మూడేళ్ళుగా కడుతున్న చీటీ చేతికొచ్చింది. "ఈసారి గుళ్ళూ గోపురాలూ కాదమ్మా, సముద్రం" అని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. అమ్మాయి మాల్దీవులంది. అబ్బాయి లక్షద్వీప్ అన్నాడు. మావారు శ్రీలంక అన్నారు, ఎందుకంటే ఆయన స్నేహితుడెవరో వెళ్ళొచ్చాడట.

అత్తయ్య ఏమీ అనలేదు. తమలపాకుకి సున్నం రాసుకుంటూ కూర్చుంది.

ఎందుకు అనలేదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ పుట్టిల్లు దివిసీమ, అవనిగడ్డ దగ్గర పల్లె. కృష్ణ రెండు పాయలకీ సముద్రానికీ మధ్యనున్న నేల అది. ఓ రకంగా చూస్తే ఆవిడ పుట్టిందే దీవిలో. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ పుట్టింట్లో ఉంది. మావారు అప్పటికి పొత్తిళ్ళలో బిడ్డ కాదు గానీ, నడక వచ్చిన పిల్లవాడు. ఆ రాత్రి తాటిచెట్టెత్తున నీళ్ళు వచ్చాయని ఆ ప్రాంతంవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. పదివేల మంది దాకా పోయారని ప్రభుత్వం లెక్క. ఆ లెక్కలో మా అత్తయ్య చెల్లెలు కూడా ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. పెద్దావిడ మా మావారిని ఎత్తుకుని డాబా ఎక్కింది, చిన్నావిడ దూడ కట్టు విప్పుతానని వెనక్కి వెళ్ళింది. అంతే.

ఆ తర్వాత అత్తయ్య సముద్రం చూడలేదు. బందరు వెళ్ళినా మంగినపూడి వైపు వెళ్ళలేదు. విశాఖపట్నంలో ఆడపడుచు ఇంట్లో పదిరోజులున్నా బీచికి రానంది.

మరి ఇప్పుడేం చెయ్యాలి? "అమ్మని చెల్లాయి దగ్గర వదిలి వెళ్దాం" అన్నారు మావారు. సబబుగానే అనిపిస్తుంది వినడానికి. కానీ నాకు మనసొప్పలేదు. ఆవిడ తరఫున మనమే "రాదులే" అనేసుకోవడం ఏమిటి? ఆ రాత్రి ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ సూటిగా అడిగాను. "అత్తయ్యా, మీకు రావాలనుందా, లేదా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "దాన్ని ఓసారి చూడాలనే ఉంది అమ్మాయ్. ఇన్నేళ్ళూ నేనే తప్పించుకు తిరిగాను. ఎగిరెగిరి పడేచోటుకి మాత్రం తీసుకెళ్ళకండి. కుదురుగా ఉండేచోట చూపించండి."

కుదురుగా ఉండే సముద్రం! మా దీవి వేట అక్కడ మొదలైంది. ఫోటోలు పక్కన పడేసి, ఒక పాత నోట్‌బుక్ తీసి గీతలు కొట్టి గళ్ళు వేశాను. నీళ్ళు ఎలాంటివి, ఏ నెల మంచిది, ఎన్నిసార్లు ఎక్కి దిగాలి, ఆసుపత్రి ఉందా, తిండి సంగతేమిటి, మొత్తం ఖర్చెంత. ఆరే ఆరు ప్రశ్నలు.

మాల్దీవులు

ముందు అమ్మాయి ముచ్చట చూద్దామనుకున్నాను. మాల్దీవుల్లో దాదాపు పన్నెండు వందల చిన్న చిన్న దీవులున్నాయి. మనుషులు కాపురముండేవి రెండొందల లోపే. పగడపు దిబ్బలు చుట్టూ గోడలా ఉండటంతో లోపలి నీళ్ళు చెరువులా ఉంటాయి. ఆ గడిలో నూటికి నూరు మార్కులు. మన పాస్‌పోర్టుంటే వీసా అక్కడ దిగాక ఉచితంగానే ఇస్తారు. వినడానికి బాగుంది కదూ?

అసలు కిటుకు ఖర్చు గడిలో ఉంది. అక్కడ చాలామటుకు ఒక దీవికి ఒకే హోటలు. అంటే టీ తాగాలన్నా, మంచినీళ్ళ సీసా కావాలన్నా వాళ్ళ దగ్గరే, వాళ్ళు చెప్పిన ధరకే. విమానాశ్రయం నుంచి ఆ దీవికి వెళ్ళడానికి స్పీడుబోటో, నీళ్ళమీద దిగే చిన్న విమానమో ఎక్కాలి. ఆ చార్జీ వేరు. గది అద్దె మీద సర్వీస్ చార్జీ, పన్ను, ఆపైన తలకింతని రోజువారీ గ్రీన్ టాక్స్. కనిపించే ధర ఒకటి, చివరికి కట్టేది ఒకటి. ఖర్చు తగ్గాలంటే స్థానికులుండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లున్నాయి. అవి ముస్లిం ఊళ్ళు. అక్కడి పద్ధతికి తగ్గట్టు నిండుగా బట్టలు కట్టుకుని తిరగాలి. మనకది పెద్ద ఇబ్బందేం కాదు. ఈతబట్టలకి వేరే తీరం కేటాయిస్తారు. కొత్తగా పెళ్ళయిన జంటకైతే నేనూ మాల్దీవులనే చెబుతాను. అయిదుగురి సంసారానికి, అందులో ఉల్లిపాయ పచ్చడి లేనిదే ముద్ద దిగని మావారికి కాదు.

లక్షద్వీప్

అబ్బాయి మాట కూడా తీసెయ్యలేదు. 2024 జనవరిలో ప్రధానమంత్రి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ దాని పేరు అందరి నోళ్ళలో నానుతోంది. 36 దీవులు, మనుషులున్నవి పదే. అన్నీ కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. మన దేశమే అయినా ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. కొచ్చి నుంచి ఓడ ఉంది, అగత్తి దీవికి చిన్న విమానం ఉంది. నీళ్ళ మాటకొస్తే అత్తయ్య కోరినట్టే ఉంటాయి. పగడపు దిబ్బ లోపల నీరు మడుగులా నిలిచి ఉంటుంది.

మరి ఎందుకు కాదన్నాను? ఎక్కి దిగడం అనే గడి చూసి. చాలా దీవుల్లో పెద్ద ఓడ ఒడ్డుదాకా రాదు. కాస్త దూరంలో ఆగితే, అక్కడ్నించి ఊగుతున్న చిన్న పడవలోకి దిగాలి. కుర్రాళ్ళకి అదో సరదా. మోకాళ్ళు పట్టేసిన పెద్దావిడకి? అందులోనూ సముద్రమంటే ప్రాణం విలవిల్లాడే మనిషికి? వద్దనుకున్నాం. "నీ పెళ్ళయ్యాక నీ పెళ్ళాంతో వెళ్ళరా" అని వాడిని ఊరుకోబెట్టాను.

శ్రీలంక, దగ్గరి దీవులు

శ్రీలంకకు ఒక మంచి గుణముంది. ఏడాది పొడుగునా ఎటో ఒకవైపు ఎండ కాస్తూనే ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా బెంటోటా, మిరిస్సా లాంటి దక్షిణ, పడమటి తీరాలు బాగుంటాయి. మే నుంచి సెప్టెంబరు దాకా ట్రింకోమలీ వైపు తూర్పు తీరం బాగుంటుంది. నెల తెలుసుకోకుండా తప్పు తీరానికి వెళితే వానలో గొడుగేసుకుని అలలు చూడాలి. గుళ్ళు, కొండలు, టీ తోటలు, సముద్రం అన్నీ ఒక్క ప్రయాణంలో కావాలనుకునేవాళ్ళకి అది మంచి ఊరు. కానీ రోజూ కారులో గంటల తరబడి కూర్చోవాలి. పాస్‌పోర్టులు, ముందస్తు అనుమతి కావాలి. అత్తయ్యకి పాస్‌పోర్టే లేదు.

"దీవే కావాలంటే రామేశ్వరం దీవి కాదా ఏం?" అంది అత్తయ్య ఓ రోజు. నిజమే! పాంబన్ వంతెన దాటితే వచ్చేది దీవే. అక్కడి అగ్నితీర్థం దగ్గర నీళ్ళు కూడా అల లేకుండానే ఉంటాయి. కొత్త పాంబన్ రైలు వంతెన 2025 ఏప్రిల్‌లో తెరిచారు. ఖర్చు తక్కువలో దీవీ పుణ్యమూ రెండూ కావాలనుకునేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి. మా పిల్లలు మాత్రం "మళ్ళీ గుడేనా" అని మూతులు ముడిచారు.

చివరికి అండమాన్

నా నోట్‌బుక్కులో గళ్ళన్నీ నిండాక ఎక్కువ మార్కులొచ్చింది అండమాన్‌కి. ఎందుకో వరసగా చెబుతాను.

మొదటిది, పాస్‌పోర్టు అక్కర్లేదు. మామూలుగా యాత్రికులు తిరిగే దీవులకు మన గుర్తింపు కార్డు చాలు. రెండోది, హైదరాబాదులో ఎక్కితే రెండు గంటల పైచిలుకులో దిగుతాం. చెన్నై, కలకత్తా, విశాఖల నుంచి ఓడలూ నడుస్తాయి గానీ నీళ్ళమీద మూడు రోజుల దాకా పడుతుంది. మూడోది, దిగే ఊళ్ళో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది. నాలుగోది భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వెళ్ళి స్థిరపడినవాళ్ళు. అయిదోది ఎల్.టి.సి. కేంద్ర ప్రభుత్వోద్యోగులు సొంతూరికి బదులు అండమాన్ వెళ్ళడానికి ప్రత్యేకమైన సడలింపు ఇస్తూ, గడువు పొడిగిస్తూ వస్తున్నారు. మీవారు కేంద్ర ఉద్యోగి అయితే బయల్దేరే ముందు ఆఫీసులో తాజా ఉత్తర్వు అడిగి తెలుసుకోమనండి. టిక్కెట్లు అనుమతి ఉన్న ఏజెన్సీల ద్వారానే కొనాలి. ఎక్కడ చవకగా దొరికితే అక్కడ కొంటే డబ్బు తిరిగి రాదు.

పేర్ల విషయంలో మాత్రం తికమక పడకండి. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హావ్‌లాక్ దీవి 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ దీవి షహీద్ ద్వీప్. హోటళ్ళవాళ్ళూ పడవలవాళ్ళూ పాత పేర్లే ఎక్కువగా వాడుతున్నారు. రెండూ తెలిసుంటే మంచిది.

ఇక నెల. అండమాన్‌లో మే మధ్య నుంచి నైరుతి వానలు, అవి తగ్గాయనుకుంటే ఈశాన్య వానలు. బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టేది ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ. నవంబరు మాట మా ఇంట్లో ఎత్తే పనే లేదు. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా, నీళ్ళు తేటగా ఉంటాయి. ఫిబ్రవరి ఖాయం చేశాం.

ఆరు రాత్రుల ప్రయాణం. మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్, రెండు రాత్రులు హావ్‌లాక్, రెండు నీల్, ఆఖరి రాత్రి మళ్ళీ పోర్ట్‌బ్లెయిర్. ఆఖరి రాత్రి సంగతి ఒత్తి చెబుతున్నాను. గాలి ఎక్కువైతే దీవుల మధ్య పడవలు ఆపేస్తారు. దీవి నుంచి పొద్దున వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కుదామనుకుంటే ఒక్కోసారి విమానం వెళ్ళిపోతుంది, మనం ఒడ్డున మిగిలిపోతాం.

సముద్రం ముందు

బయల్దేరేటప్పుడు అత్తయ్య నవ్వుతూనే అంది: "పూర్వం శిక్ష వేసి పంపేవారట అక్కడికి. ఇప్పుడు మనమే డబ్బు కట్టి పోతున్నామా!" కాలాపానీ మాట ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్నదే. మొదటి రోజు సెల్యులార్ జైలు చూశాం. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు దాన్ని. ఏడు వరసల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. మన అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటంలో పట్టుబడ్డవాళ్ళలో కొందరినీ అండమాన్ పంపించారు. పిల్లలు మేడమీదికి ఎక్కారు. నేనూ అత్తయ్యా కింద చెట్టు నీడన కూర్చున్నాం. అక్కణ్ణించి చూస్తే సముద్రం కనిపిస్తుంది. అత్తయ్య మాత్రం జైలు గోడనే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం అబర్దీన్ బజారుకి వెళ్ళాం. అరటిపళ్ళు బేరమాడుతుంటే వెనక నుంచి "ఏటమ్మా, ఏ ఊరు మీది?" అని వినబడింది. చేపల గంప పక్కన పెట్టుకు కూర్చున్నావిడ. వాళ్ళ మామగారి నాడు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చారట. అంతే, మా అత్తయ్య అక్కడే పీట వేయించుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పి ఏమైందో ఏమో!

మాటల్లో ఉప్పెన సంగతి వచ్చింది. ఆవిడ 2004 డిసెంబరు 26 నాటి సునామీ సంగతి చెప్పింది. తమ గుమ్మం దాకా నీళ్ళొచ్చాయని, ఊరికి దగ్గర్లోనే సిప్పీఘాట్ దగ్గర నేల కుంగి పొలాల్లోకి ఉప్పునీరు వచ్చేసిందని.

"మరి భయం లేదూ?" అంది అత్తయ్య.

"భయపడితే బువ్వెక్కడిదమ్మా? ఆ మర్నాడు కాదు గానీ, ఆ నెల్లోనే మావోడు ఏటకెళ్ళాడు. సముద్రానికి మనమెవరో తెలీదమ్మా. మంచోళ్ళనీ చెడ్డోళ్ళనీ సూడదు. దాని సంగతి మనం తెలుసుకుంటే సాలు."

అత్తయ్య ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే రెండుసార్లు అంది. "దానికి మనమెవరో తెలీదట."

హావ్‌లాక్‌లో రాధానగర్ తీరం చాలా పేరున్నది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన మన తీరాల్లో అదొకటి, మన విశాఖ రుషికొండ ఇంకొకటి. ఇసక పిండిలా ఉంటుంది, వెనకంతా ఎత్తయిన చెట్లు. పిల్లలూ మావారూ నీళ్ళలో దిగారు. అత్తయ్య చెట్ల నీడలో దుంగమీద కూర్చుంది. అక్కడ అలలు ఉన్నాయి. పెద్దవి కావు గానీ ఉన్నాయి. మొదట చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది. తర్వాత్తర్వాత తలెత్తింది. సాయంత్రం అయిదున్నరకల్లా పొద్దుగూకింది. అదేమిటింత త్వరగా అనుకుంటున్నారా? మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అండమాన్ దానికి బాగా తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు అక్కడ మనకంటే నలభై నిమిషాలు ముందు. అందుకని అక్కడ తెల్లవారి ఆరింటికే బయటపడాలి. మనలా తొమ్మిదింటికి టిఫిన్లు చేసి బయల్దేరితే సగం రోజు పోయినట్టే.

ఆ మర్నాడు కాక ఆ మర్నాడు నీల్ దీవి. ఇది నాకు చాలా నచ్చిన ఊరు. ఈ చివర నుంచి ఆ చివరికి అయిదారు కిలోమీటర్లే. రోడ్డుకి రెండు పక్కలా కూరగాయల తోటలు, అరటి, కొబ్బరి. అక్కడి తీరాల పేర్లు వింటే ఆశ్చర్యపోతారు. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్! "రామాయణమంతా ఇక్కడే ఉందే" అని అత్తయ్య మొహం విప్పారింది.

భరత్‌పూర్ దగ్గర నీళ్ళు చాలా దూరం దాకా లోతుండవు. నేను నోట్‌బుక్కులో "కుదురైన నీళ్ళు" అని రాసుకున్నది దాన్ని తలుచుకునే. పొద్దున్నే వెళ్ళాం. నీళ్ళు బాగా వెనక్కి పోయి, పగడపు రాళ్ళు బయటపడి ఉన్నాయి. "అయ్యో, నీళ్ళే లేవే" అన్నాడు అబ్బాయి. అత్తయ్య నవ్వింది. "ఆటురా ఇది. మళ్ళీ పోటు వస్తుంది. ఆరు గంటలకోసారి మారుతుంది. నిన్నటికంటే ఇవాళ ముప్పావుగంట ఆలస్యంగా వస్తుంది చూడు. మధ్యాహ్నం భోంచేసి వద్దాం." పిల్లలు సెల్‌ఫోన్లో చూసుకుని తెల్లబోయారు. సరిగ్గా అలాగే ఉంది! ఇరవై ఏళ్ళొచ్చేదాకా ఆ గాలిలో పెరిగిన మనిషి. సముద్రం సంగతి మా అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. ఇన్నేళ్ళూ ఆ తెలిసినదంతా మూటకట్టి అటకమీద పెట్టేసింది, అంతే.

మధ్యాహ్నం నీళ్ళు నిండాయి. అల అనేదే లేదు. చెరువు గట్టున నిలబడ్డట్టుంది. నా చెయ్యి పట్టుకుని చీలమండల దాకా వచ్చింది. తర్వాత పిక్కల దాకా. నా చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది. అక్కడ నిలబడి చెల్లెల్ని ఒక్కసారి పేరుపెట్టి పిలిచింది. పెద్దగా కాదు, పక్కగదిలో ఉన్నవాళ్ళని పిలిచినట్టు. దోసిట్లో నీళ్ళు తీసుకుని వదిలింది. ఇంకోసారి తీసుకుని తలమీద చల్లుకుంది.

"సముద్రస్నానం చేసి యాభయ్యేళ్ళవుతోంది అమ్మాయ్" అంది.

నేనేమీ అనలేదు. మావారు ఒడ్డున నిలబడి అటువైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

మీకు పనికొచ్చే నాలుగు మాటలు

ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకి కొన్ని చిన్న సంగతులు. నీళ్ళలో దిగడానికి చీర కట్టకండి. తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది. పాత కాటన్ చుడీదార్ హాయి. ఉప్పునీళ్ళలో తడిసిన బట్టలు ఆ పూటే మంచినీళ్ళలో జాడించి నీడన ఆరెయ్యండి. అలాగే మూటకడితే రంగులు పోయి మరకలు పడతాయి. పగడపు రాళ్ళు కాళ్ళకి కోసుకుంటాయి, రబ్బరు చెప్పులు తప్పనిసరి. తలకి టోపీయో, కొంగో ఉండాలి. ఎండ తెలియదు గానీ సాయంత్రానికి ముఖం మండుతుంది.

పడవలో వికారం వచ్చేవాళ్ళుంటే డాక్టర్నడిగి మాత్ర తెచ్చుకోండి. ఖాళీ కడుపుతో ఎక్కకండి, అలాగని పూరీలు తిని ఎక్కకండి. నేను ఇడ్లీ తినిపించాను, అల్లం మురబ్బా ముక్క బుగ్గన పెట్టించాను. తిండికి లోటు లేదు, అన్నం, పప్పు, చేపలు అన్నీ దొరుకుతాయి. అయినా కారప్పొడి, చింతకాయ పచ్చడి, జంతికలు వెంట ఉంటే మగవాళ్ళ ముఖాలు వెలుగుతాయి. పచ్చడి సీసాలు చేతిసంచిలో పెట్టకండి, విమానం దగ్గర ఆపేస్తారు. మూతకి ప్లాస్టిక్ కాగితం చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. దీవుల్లో ఫోను సిగ్నలు అన్నిచోట్లా ఉండదు, చేతిలో నగదు ఉంచుకోండి.

గవ్వలనీ పగడపు ముక్కలనీ ఏరి తెచ్చుకోకండి. అది నేరం, తిరుగు ప్రయాణంలో సోదా చేసి తీసేసుకుంటారు. కొన్ని తీరాల్లో మొసళ్ళ హెచ్చరిక బోర్డులుంటాయి. అక్కడ మొహమాటం లేకుండా వెనక్కి వచ్చెయ్యాలి. బారాతాంగ్ వైపు వెళ్తే దారిలో జారవాల అడవి వస్తుంది. వాళ్ళని ఫోటో తియ్యడం, తినుబండారాలివ్వడం రెండూ చట్టప్రకారం నిషేధం. వాళ్ళ ఇంటి మీదుగా వెళ్తున్నామని గుర్తుంచుకుంటే చాలు.

ఖర్చు వేసుకునేటప్పుడు విమానం, గది, పడవ, ఆటో, తిండి, టిక్కెట్లు వేరువేరుగా రాసి, మొత్తం మీద నూటికి పది అదనంగా పక్కన పెట్టండి. మేం పెట్టిన పది శాతంలో అత్తయ్య బజారులో కొన్న చేపలవిడ పిల్లల బట్టలు కూడా వచ్చాయి.

ఇంకో మాట. దీవి ఎంచుకునేటప్పుడు అందరికంటే ముందు ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళని అడగండి. వాళ్ళు వద్దంటే వద్దనే అంటారు, నష్టమేముంది? కానీ వాళ్ళకి ఎలాంటి సముద్రం కావాలో చెబితే మాత్రం, ఆ దీవి అందరికీ సరిపోతుంది. మా అమ్మాయి కోరిన నీలం నీళ్ళు అక్కడున్నాయి, అబ్బాయి కోరిన పగడాలున్నాయి, మావారికి ఉల్లిపాయ పచ్చడి కూడా దొరికింది.

తిరిగొచ్చి వారం కాకముందే అత్తయ్య పంచాంగం తీసి వెనక పేజీలు తిరగేస్తోంది. ఏమిటని అడిగితే, "వచ్చే మాఘ పౌర్ణమి ఏ వారమొచ్చిందా అని" అంది. దివిసీమలో కృష్ణ సముద్రంలో కలిసేచోట హంసలదీవి ఉంది. మాఘ పౌర్ణమికి అక్కడ సముద్రస్నానానికి జనం పోటెత్తుతారు. చిన్నప్పుడు అక్కచెల్లెళ్ళిద్దరూ ఎడ్లబండి మీద వెళ్ళేవారట.

"అదీ దీవేగా" అంది అత్తయ్య. దానికి విమానం అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. పొద్దున్నే పులిహోర కలుపుకుని బస్సెక్కితే చాలు.